తెట్టు వెనుక నూట యాభై ఏళ్లు

ఫ్రాన్సులోని ఓర్లియాన్స్ వెనిగర్ తయారీదారులు పీపాల్లో వైన్ మీద కట్టే తెట్టును తరతరాలుగా కదలనీయకుండా కాపాడుకుంటూ వచ్చారు. అది మునిగితే పులుపెక్కడం కుంటుపడుతుందని వారికి అనుభవం నేర్పింది. కారణం చెప్పినవాడు లూయీ పాశ్చర్. ఆ తెట్టు సూక్ష్మజీవుల సమూహమని, గాలిలోని ఆక్సిజన్‌తో ఆల్కహాల్‌ను ఆమ్లంగా మార్చేది అదేనని 1860లలో నిరూపించి, 1868లో వెనిగర్ మీద గ్రంథమే వెలువరించాడు. 1886లో ఇంగ్లండులో ఏడ్రియన్ బ్రౌన్ అలాంటి పొరనే పరీక్షించి, దానికి బిగువునిచ్చేది పత్తిలో ఉండే సెల్యులోజేనని తేల్చాడు.

మరోపక్క బ్యాక్టీరియా ఈదే తీరును గమనించిన వారిది వేరే సంప్రదాయం. 1881లో జర్మన్ శాస్త్రజ్ఞుడు ఎంగెల్మన్, వెలుగు సోకిన నాచు ఆక్సిజన్ విడిచే చోటికి అవి ఈదుకుంటూ వచ్చి గుమిగూడటం చూపాడు. అవి ఎలా ఈదుతాయన్నది మాత్రం మరో తొంభై ఏళ్లు తేలలేదు. 1973లో బెర్గ్, ఆండర్సన్ బ్యాక్టీరియాకు తోకలా ఉండే సన్నని పోగు, అంటే కశాభం, గిరగిరా తిరుగుతుందని వాదించారు. మరుసటి ఏడు సిల్వర్‌మన్, సైమన్ కశాభాన్ని గాజుకు అతికిస్తే కణమే తిరగసాగింది! ఇంత సొగసైన రుజువు జీవశాస్త్రంలో అరుదు.

అప్పటికి ప్రయోగశాలల్లో తెట్టుకు ఆదరణ తగ్గింది. ఫ్లాస్కును ఊపుతూ పెంచే పద్ధతిలో అది కట్టే వీలే లేదు. 1978లో కాస్టర్టన్ బ్యాక్టీరియా అతుక్కునే గుణాన్ని మళ్లీ చర్చకు తెచ్చినా, దృష్టంతా రాళ్లు, గొట్టాలు, పళ్ల మీదే నిలిచింది. అసలు మలుపు పాత వెనిగర్ పొర నుంచే వచ్చింది. సెల్యులోజ్ తయారీని ఏది నడుపుతుందో వెతుకుతూ, 1987లో జెరూసలేంలో బెంజిమన్ బృందం సైక్లిక్ డై-జీఎంపీ అనే చిన్న అణువును కనుగొంది. అది పెరిగితే ఈత తగ్గి అతుకుడు హెచ్చుతుందని, తగ్గితే కణాలు మళ్లీ ఈతకు దిగుతాయని తరువాతి పరిశోధనలు ఎన్నో బ్యాక్టీరియాలలో చూపాయి.

1998లో ఆక్స్‌ఫర్డ్‌లో రెయినీ, ట్రావిసానో ఊపకుండా ఉంచిన ఫ్లాస్కులలో, ఉపరితలాన్ని ఆక్రమించే కొత్త రకాలు కొద్ది రోజుల్లోనే పుట్టుకురావడం చూశారు. 2008లో కియర్న్స్ బృందం గడ్డి కషాయపు బ్యాక్టీరియాలో ఒక ప్రోటీన్ కశాభపు మోటారును క్లచ్‌లా విడదీస్తుందని కనుగొంది: పొరకు బంక తయారుచేసే జన్యువుల నడుమే దాని జన్యువూ ఉంది. అలాగని తెట్టుకు ఈత అనవసరమేమీ కాదు: ఈతరాని కణాలు సైతం తెట్టు కడతాయి గాని, ఆలస్యంగా. ఈదే వాటితో పోటీపడితే వెనుకబడతాయి. ఈతను, అతుకుడును విడి అధ్యాయాలుగా చెప్పే మన పాఠ్యపుస్తకాలు ఇకనైనా ఆ రెంటినీ ఒక్కచోటికి చేర్చాలి.