కామరూపిణి ఎవరో చెప్పాల్సింది ఎవరు?

ఇంగ్లీషు ఫాంటసీ నవలలు చదివే మన పిల్లలకి ‘సక్కుబస్’ అనే మాట కొత్తది కాదు. అందమైన ఆడదాని రూపం ధరించి, రాత్రిపూట నిద్రపోతున్న మగవాడి దగ్గరికి వచ్చి, అతని సత్తువంతా పీల్చేసే పిశాచి అన్నమాట. మన కామినీ పిశాచికి దగ్గర చుట్టం. నవలల వాళ్ళూ, వీడియో గేముల వాళ్ళూ ఆమెకి కొమ్ములూ రెక్కలూ తగిలించి వినోదం చేశారు. దీని వెనక చరిత్ర ఏమిటా అని నేను వెతుక్కుంటూ పోతే, ఆ దారి పుస్తకాల అరల్లోంచి కోర్టులోకీ, అక్కణ్ణించి ఉరికొయ్య దాకా తీసుకెళ్ళింది.

రూపం మార్చిన ఆడదాని కథ గ్రీకుల్లో ముందునుంచీ ఉంది. మూడో శతాబ్దంలో ఫిలోస్ట్రాటస్ రాసిన అపోలోనియస్ జీవితచరిత్రలో, మెనిప్పస్ అనే కుర్రవాడు కోరింత్ దగ్గర ఒక ధనవంతురాలి ప్రేమలో పడతాడు. పెళ్ళివిందుకి గురువు అపోలోనియస్ వచ్చి, ఈమె మనిషి కాదంటాడు. బంగారు గిన్నెలు, వంటవాళ్ళు, అన్నీ మాయమైపోతాయి. ఆమె ఏడుస్తూ, తన చేత నిజం చెప్పించవద్దని బతిమాలుతుంది. గురువు వదలడు. చివరికి, కుర్రవాణ్ణి తినడానికే మేపుతున్నానని ఒప్పుకుంటుంది. ఈ కథలో నన్ను పట్టి ఆపింది ఆ ఒప్పుకోలు. ఆమె ఎవరో నిర్ణయించినవాడు మరొకడు. ఆమె వంతు ఒప్పుకోవడం ఒక్కటే.

సక్కుబస్ అనే మాట లాటిన్ నుంచి వచ్చింది. కింద పడుకోవడం అని దాని మూలార్థం. 13వ శతాబ్దంలో థామస్ అక్వినాస్ దీనికి శాస్త్రం చెప్పాడు. పిశాచాలకి సొంత శరీరం లేదు, ఒకే పిశాచం ఆడరూపంలో మగవాడి దగ్గర బీజం తీసుకుని, మగరూపంలో ఆడదానికి అందిస్తుంది అన్నాడు. ఇంతవరకూ ఇది పండితుల చర్చ. 15వ శతాబ్దం చివర హైన్‌రిక్ క్రామర్ రాసిన ‘మాలియస్ మాలెఫికారుం’ ఈ చర్చని మంత్రగత్తెల విచారణకి పనిముట్టుగా మార్చింది. 15వ శతాబ్దం నుంచి 18వ శతాబ్దం దాకా యూరప్‌లో మంత్రగత్తెలన్న నేరం మోపి చంపినవాళ్ళు 40 వేల నుంచి 60 వేల దాకా ఉంటారని చరిత్రకారుల అంచనా. వాళ్ళలో ఎక్కువమంది ఆడవాళ్ళే.

ఆ భయం సముద్రం దాటి మనం ఉంటున్న ఈ దేశానికీ వచ్చింది. 1692లో మసాచుసెట్స్‌లోని సేలంలో బ్రిడ్జెట్ బిషప్ అనే ఆమె మీద విచారణ జరిగింది. జాన్ లౌడర్ అనే ఊరివాడు ఇచ్చిన సాక్ష్యం ఇది: ఒక రాత్రి మెలకువ వచ్చేసరికి ఆమె తన పొట్టమీద కూర్చుని ఉందట. గొంతు పట్టుకుందట. తనకి కదలడానికి బలం లేకపోయిందట. ఇవాళ డాక్టర్లు దీన్ని స్లీప్ పెరాలిసిస్ అంటారు. మెదడు మేలుకున్నా ఒళ్ళు ఇంకా నిద్రలోనే ఉండి కదలదు, గుండెమీద ఎవరో కూర్చున్నట్టు ఉంటుంది. మన పల్లెల్లోనూ గుండెల మీద దయ్యం కూర్చుందని చెప్పుకునేవాళ్ళున్నారు. తేడా ఏమిటంటే, సేలంలో ఆ దయ్యానికి ఒక ఊరూ పేరూ ఉన్నాయి. తాను నిర్దోషినని ఆమె చెబుతూనే ఉంది. జూన్ 10న ఆమెని ఉరితీశారు. సేలంలో మొదటి ఉరి అదే. ఆమె నిర్దోషి అని మసాచుసెట్స్ రాష్ట్రం పేరు పెట్టి చట్టం చేసింది 2001లో, 309 ఏళ్ళ తరవాత!

సాహిత్యం కొంచెం ముందే మేలుకుంది. ఫిలోస్ట్రాటస్ కథనే రాబర్ట్ బర్టన్ పుస్తకంలో చదివి, కీట్స్ 1819లో ‘లేమియా’ కావ్యం రాశాడు. ఇందులో ఆమె మొదట పాము, తరవాత స్త్రీ. గురువు చూపుకి ఆమె మాయమైపోతుంది. కానీ శిష్యుడు బతకడు, ఆ రాత్రే చనిపోతాడు. పాత కథలో కాపాడిన చూపు, కీట్స్ చేతిలో చంపే చూపయింది.

1933 నవంబరులో ‘వియర్డ్ టేల్స్’ పత్రికలో ‘షాంబ్లో’ అనే కథ వచ్చింది. రాసింది 22 ఏళ్ళ అమ్మాయి కేథరిన్ మూర్, సి.ఎల్. అనే పొడి అక్షరాల చాటున. అంగారక గ్రహం మీద జనం తరుముతున్న పిల్లని కథానాయకుడు కాపాడతాడు. తీరా చూస్తే జనం భయమే నిజం. తలపాగా కింద ఆమెకి జుట్టు బదులు పురుగుల్లా కదిలే తీగలు! స్నేహితుడు వచ్చి అద్దంలో చూస్తూ ఆమెని కాల్చి, ఇతన్ని రక్షిస్తాడు. మళ్ళీ అలాంటిది కనిపిస్తే వెంటనే కాల్చేస్తానని మాటివ్వమంటాడు. ప్రయత్నిస్తానని మాత్రమే అంటాడు కథానాయకుడు. ఆ తడబాటులోనే కథ బలం ఉందని నాకనిపిస్తుంది.

ఇవన్నీ చదివాక నాకు ఆదిపర్వంలోని హిడింబ గుర్తొచ్చింది. ఆమె కూడా కామరూపిణే. అన్న హిడింబాసురుడు పంపితే, నిద్రపోతున్న పాండవుల్ని చంపడానికి వచ్చింది. కాపలా కాస్తున్న భీముణ్ణి చూసి మనసు పడి, అందమైన రూపం ధరించింది. ఇంతవరకూ మిగతా కథలాగే ఉంది. కానీ నోరు తెరవగానే తాను ఎవరో, ఎందుకు వచ్చిందో, తన అన్న ఎవరో అంతా తానే చెప్పేసింది. అన్నని చంపిన తరవాత, రాక్షసులు మాయలు పన్నుతారని భీముడు ఆమెనీ చంపబోతే ధర్మరాజు ఆపాడు. ఆమె కుంతితో మొరపెట్టుకుంది. కుంతి విన్నది. ఆ పెళ్ళికి పుట్టిన ఘటోత్కచుడు కురుక్షేత్రంలో పాండవుల కోసం ప్రాణమిచ్చాడు.

మన సంస్కృతి గొప్పదని చప్పట్లు కొట్టుకోవడానికి నేనీ పోలిక తేలేదు. చేతబడి చేస్తోందన్న అనుమానంతో ఆడవాళ్ళని కొట్టి చంపిన వార్తలు మన తెలుగు పత్రికల్లోనూ చదివాం. అక్కడ ధర్మరాజులూ లేరు, కుంతులూ లేరు. కొమ్ములూ రెక్కలూ ఉన్న సక్కుబస్ బొమ్మని పిల్లలు చూపిస్తే దాచేయమని నేననను. ఆ బొమ్మతోబాటు బ్రిడ్జెట్ బిషప్ పేరు కూడా చెప్పమంటాను. ఆ తరవాత హిడింబ కథ చెప్పి, ఆమె మాట ఎవరు విన్నారో వాళ్ళనే అడగమంటాను.