ఇంద్రనీలము: దోషము, మన్నిక

ఝరాసంగము నేడు సంగారెడ్డి జిల్లాలో జహీరాబాదునకు చేరువ నున్న కేతకీ సంగమేశ్వర క్షేత్రము. 1956 నవంబరు 1వ తేదీకి పూర్వము జహీరాబాదు తాలూకా బీదరు జిల్లాలోనిది. పండ్రెండవ శతాబ్దిలో ఈ సీమ నేలిన రాజులకు రాజధాని కల్యాణము, అనగా నేటి బసవకల్యాణము. అచటనుండి యేలిన పశ్చిమ చాళుక్యుడు మూడవ సోమేశ్వరుడు (1126–1138) సంతరించిన మానసోల్లాసమున రాజకోశమును గూర్చిన యధ్యాయములో రత్నపరీక్షయు, భోగములను గూర్చిన భాగమున భూషణముల వర్ణనమును గలవు. ఝరాసంగపు నేల దక్కను నల్లరాతి మీద నేర్పడిన జంబిట్టి నేల. నీలములు పుట్టు నేల గాదు. నీలమణి యీ సీమకు వర్తకము వెంట వచ్చినది. దాని మంచిచెడుగులను నిర్ణయించు శాస్త్రము మాత్రము ఈ సీమ రాజాస్థానముననే గ్రంథస్థమైనది. కావున ఆ శాస్త్రములో దోషమను మాట యేమి చెప్పుచున్నదో, దానికిని నగ మన్నికకును గల సంబంధ మెట్టిదో పరిశీలింపవలెనని మా యుద్దేశము.

రత్నదోషములను గూర్చి మనకు గల ప్రాచీన సాక్ష్యములలో కౌటిలీయార్థశాస్త్రము ముఖ్యమైనది. ద్వితీయాధికరణమున కోశమునకు చేర్చదగిన రత్నములను పరీక్షించు ప్రకరణములో ఇంద్రనీల, మహానీలాది భేదములు చెప్పబడినవి. మణులకు సామాన్యముగా ఆఱు దోషము లచట గణింపబడినవి: రంగును కాంతియు మందగించుట, ఇసుక పలుకులుండుట, పుష్పచ్ఛిద్రము, తునిగియుండుట, సరిగా తొలువబడకుండుట, గీతలు నిండియుండుట. ఇందు గమనింపదగిన విషయములు రెండు. మొదటిది, ఈ పట్టికలో శుభాశుభముల ప్రసక్తి లేదు. కోశాధ్యక్షునకు కావలసినది వెల. రెండవది, తొలుచుటలోని తప్పు మానవకృతము, తక్కినవానిలో పెక్కు ప్రకృతిసిద్ధములు. కౌటిల్యుడు రెంటిని ఒకే వరుసలో నిలిపెను.

వరాహమిహిరుడు బృహత్సంహితలో ఇంద్రనీలమును పేర్కొనెనే గాని, లక్షణములను వజ్రము, ముత్యము, పద్మరాగము, మరకతము అను నాలుగింటికే విస్తరించెను. నీలమునకు ప్రత్యేకముగా ఒక యధ్యాయమును గరుడపురాణమున చూడగలము. అందలి దోషములు మట్టి, రాయి, రంధ్రము, కర్కరము, త్రాసము, అభ్రపు పొరవంటి ఛాయ మున్నగునవి. తరువాతి రత్నశాస్త్రములలో ఈ దోషములకు దారిద్ర్యము, దేశత్యాగము, బంధునాశము వంటి ఫలములు జతచేయబడినవి. తెలుగున రత్నశాస్త్రమును రచించిన భైరవకవి మొదలగువారికి వారసత్వముగా వచ్చినది ఈ సంప్రదాయమే. నీలము శనిగ్రహమునకు సంబంధించిన రత్నమగుటచే, దోషముగల నీలమన్న భయము ప్రజలలో నేటికిని బలముగా నున్నది.

ఈ దోషములను నేటి ఖనిజశాస్త్రముతో సరిపోల్చినచో అవి రెండు తెగలుగా విడివడును. నీలము కురువింద జాతికి చెందినది. అల్యూమినియము, ప్రాణవాయువు కలియగా నేర్పడినది. ఇనుము, టైటేనియముల లేశములచే దానికి నీలవర్ణము కలుగును. మణిలోపల రూటైలు అను ఖనిజపు సన్నని సూదులు మూడు దిక్కుల నల్లుకొని పట్టువలె మెఱయును. వానివలన కాంతి కొంత మసకబాఱును. అభ్రచ్ఛాయ యనదగినది ఇట్టిదే యని మా యూహ. అన్యఖనిజపు పలుకులు ఇసుకవలె కనబడును. ఇవి యందమును తగ్గించునేగాని, మితముగా నున్నంతవఱకు మణి బలమును తగ్గింపవు. పైగా ఆ సూదులు సమృద్ధిగా నుండి, మణిని గుబ్బగా సానపట్టినప్పుడు ఆఱు కిరణముల నక్షత్రము పొడచూపును. అప్పుడు దోషమే గుణమగుచున్నది.

త్రాసము, భిన్నము అనునవి వేఱు తెగ. చూచువానికి మణి పగిలెనేమో యను సంశయము గలిగించు బీట త్రాసము. నిజముగా పగిలినది భిన్నము. కాఠిన్యమున నీలము తొమ్మిదవ మెట్టుది; వజ్రము తప్ప సహజరత్నము లేవియు దానిని గీయజాలవు. కాని కాఠిన్యము వేఱు, దెబ్బకు తాళుట వేఱు. బీట ఉపరితలమును తాకినచో, పొదుగునప్పటి యొత్తిడికో, పిమ్మట తగిలిన దెబ్బకో అచటనే మణి విచ్చును. పూర్వులు పగుళ్ళకు ప్రత్యేకముగా పేరు పెట్టుట వట్టి శకునభీతి కాదు, పనివాని యనుభవము.

గరుడపురాణములోని మఱియొక నియమము మిక్కిలి విలువైనది. పద్మరాగముకంటె ఇంద్రనీలము అధికాగ్నిని సహించునని చెప్పిన వెంటనే, పరీక్షకొఱకు గాని గుణమును పెంచుటకు గాని మణిని నిప్పులో నుంచరాదని పురాణకర్త నిషేధించెను. అగ్ని పరిమాణ మెఱుగక కాల్చిన మణి దాహదోషముచే చెడి, యజమానునకు, కాల్చినవానికి, కాల్పించినవానికి అనర్థము తెచ్చునట. నిషేధము పుట్టవలెనన్న ఆచారము ముందుండవలెను గదా! మణిని కాల్చి గుణము పెంచు యత్నము ఆనాటికే యున్నదని దీనివలన తేలుచున్నది. 1970 తరువాత సింహళమునందలి గ్యూడా యను పాలిపోయిన రాళ్ళను థాయిలాండులో మిక్కిలి యధికమైన వేడిమికి గుఱిచేసి చక్కని నీలములుగా మార్చుట వర్తకమున సామాన్యమైనది. ఆ వేడిమికి రూటైలు సూదులు కరగిపోవును. కావున ఏ సూదులను పూర్వులు దోషమనిరో, అవి చెక్కుచెదరక యుండుటయే నేడు మణి తీవ్రాగ్నిని చూడలేదనుటకు సాక్ష్యము. కృత్రిమ నీలములలో వంకరగీతలు, గాలిబుడగలు కానవచ్చును. సహజ నీలములలో వర్ణపు పట్టెలు నిటారుగా, కోణములుగా నుండును. గాజు మున్నగువానిని నీలమునుండి బరువుచేతను కాఠిన్యముచేతను గుర్తింపవలెనని గరుడపురాణము చెప్పినది. నేడు బీటలలో సీసపు గాజును కరగించి నింపుచున్నారు. పైకి నిర్దోషముగా తోచు నా రాయి కంసాలి వాడు ఆమ్లమునకు, మంటకు తాళజాలదు. ప్రకృతిసిద్ధమైన దోషముకంటె దానిని కప్పిపుచ్చుటయే మన్నికకు శత్రువు.

నగ విషయమున ఇంకొకటి చెప్పవలసియున్నది. కుందనపు పనిలో మణి క్రింద డాకు అను తళుకురేకు నుంచి, లోన లక్క నింపి, చుట్టును మేలిమి బంగారపు రేకు నొత్తుదురు. వెనుక మూసియుండుటచే చిన్న మసకలు కనబడవు. మెత్తని బంగారము దెబ్బను కొంత తాళును. కాని తేమ చేరినచో డాకు నల్లబడును, వేడికి లక్క కరగును. అపుడు నీలము చెడినదని జనులు తలంతురు. చెడినది నీలము గాదు, దాని యింటి గోడలు. మణిని మార్చుటకు ముందు పొదుగును పరీక్షించుట యుక్తము.

దోషమును దాచక వ్రాయుట మన పూర్వుల కలవాటే. తంజావూరి బృహదీశ్వరాలయమున మొదటి రాజరాజ చోళుని (985–1014) నాటి శాసనములు దేవుని నగలలోని వజ్రములను లెక్కించునప్పుడు మచ్చలు, బీటలు, ఎఱ్ఱచుక్కలు, నల్లచుక్కలు, కాలినట్టి గుఱుతులు గలవానిని గూడ చెప్పినవి. ఆ దోషములు రత్నములను వెలివేయుటకు గాక, గుర్తించుటకు పనికివచ్చినవి. ఒక మణికి మఱియొకదానిని మార్చిపెట్టినచో పట్టియిచ్చునవి దాని లోపములే.

దోషము కౌటిల్యునికి వెలకు సంబంధించినది. రత్నశాస్త్రకారులకు ఫలమునకు సంబంధించినది. చారిత్రకునకు మాత్రము సాక్ష్యమునకు సంబంధించినది. శకునభయముచే ఇండ్లలోను దేవాలయములలోను గల పాత నీలములను తొలగించి, నగలను కరగించి, క్రొత్తరాళ్ళు పొదిగించినచో ఆ సాక్ష్యము మరల దొరకదు. మన సీమలలోని నగల పట్టికలను సేకరింపబూనిన పరిశోధక విద్యార్థులు తూకము, సంఖ్యలతోపాటు ప్రతి మణిలోని పలుకును, బీటను, మసకను గూడ వ్రాసికొనవలెనని మా సూచన. మానసోల్లాసము పుట్టిన సీమలో ఆ పని మొదలగుట మిక్కిలి సముచితము.