పారిశ్రామిక నియంత్రణ నెట్‌వర్క్

పారిశ్రామిక నియంత్రణ నెట్‌వర్క్ అనగా కర్మాగారాలు, విద్యుత్కేంద్రాలు, పంపుహౌసులలోని కొలత పరికరాలను, వాల్వులను, మోటార్లను నియంత్రణ గదిలోని కంప్యూటర్లతో డిజిటల్ సంకేతాల ద్వారా అనుసంధానించే వ్యవస్థ. ఒక్కొక్క పరికరానికి ఒక్కొక్క జత తీగలు వేసే పాత పద్ధతికి బదులుగా ఇందులో అనేక పరికరాలు ఒకే కేబుల్‌ను పంచుకుంటాయి. కొలిచిన విలువతో పాటు తన స్థితిని కూడా పరికరమే తెలియజేయగలగడం ఈ వ్యవస్థ యొక్క ముఖ్య ప్రయోజనం. నీరు, విద్యుత్తు రెండూ విలువైనవైన అనంతపురం వంటి కరవు ప్రాంతాలలో దీని ప్రాధాన్యత మరింత ఎక్కువ.

చరిత్ర

తొలినాళ్ళలో పీడనం, ఉష్ణోగ్రత వంటి కొలతలను నియంత్రణ గదికి చేర్చడానికి సన్నని గొట్టాలలో 3 నుండి 15 పి.ఎస్.ఐ. పీడనం గల గాలిని వాడేవారు. తరువాత 4 నుండి 20 మిల్లీ ఆంపియర్ల విద్యుత్ ప్రవాహం ప్రమాణమైనది. కనిష్ఠ కొలతకు 4, గరిష్ఠ కొలతకు 20 మిల్లీ ఆంపియర్లు సూచికలు. సున్నాతో కాక 4తో మొదలవడం వలన తీగ తెగినచో వెంటనే తెలిసిపోతుంది. అయితే ఒక జత తీగలు ఒక్క కొలతను మాత్రమే మోయగలవు.

1979లో మోడికాన్ సంస్థ మోడ్‌బస్ అనే సంభాషణా నియమావళిని వెలువరించింది. 1980వ దశకంలో వచ్చిన హార్ట్ పద్ధతి పాత మిల్లీ ఆంపియర్ తీగలపైనే డిజిటల్ సమాచారాన్ని కూడా పంపే వీలు కల్పించింది. ప్రొఫీబస్ రూపకల్పన 1987లో జర్మనీలో మొదలైనది. ఫీల్డ్‌బస్ ఫౌండేషన్ 1994లో ఏర్పడింది. ఈ సంస్థ రూపొందించిన హెచ్1 పద్ధతిలో ఒకే జత తీగలు పరికరాలకు విద్యుత్తును అందిస్తూ, సెకనుకు 31.25 కిలోబిట్ల వేగంతో సమాచారాన్ని కూడా మోస్తాయి. తరువాతి కాలంలో ఈథర్‌నెట్ ఆధారిత పద్ధతులు, వైర్‌లెస్ పద్ధతులు వాడుకలోకి వచ్చాయి.

ప్రయోజనాలు

తీగల తగ్గుదల: కేబుళ్ళు, వాటిని మోసే ట్రేలు, జంక్షన్ బాక్సులు తగ్గుతాయి. కొత్త పరికరాన్ని చేర్చడానికి నియంత్రణ గది వరకు కొత్త తీగ లాగవలసిన అవసరం చాలావరకు ఉండదు.

కొలత నాణ్యత: విలువ అంకెల రూపంలోనే ప్రయాణిస్తుంది కనుక దారిలో దాని ఖచ్చితత్వం తగ్గదు. సంకేతం చెడిపోయినచో దోష పరీక్ష ద్వారా గుర్తించి ఆ సందేశాన్ని తిరస్కరించవచ్చును.

పరికరం ఆరోగ్యం: 10 మీటర్ల లోతు గల తొట్టిలో 12 మిల్లీ ఆంపియర్ల సంకేతం 5 మీటర్ల నీటిమట్టాన్ని సూచిస్తుంది. సెన్సారు పాడైనా అదే సంకేతం రావచ్చును. డిజిటల్ పరికరం తాను గుర్తించగలిగిన లోపాన్ని విలువతో పాటే తెలుపుతుంది. దీనివలన పూర్తిగా చెడిపోకమునుపే మరమ్మతు చేయవచ్చును.

దూరం నుండి అమరిక: పరికరం కొలిచే పరిధిని సిబ్బంది అక్కడికి వెళ్ళకుండానే మార్చవచ్చును.

అనంతపురం ప్రాంతంలో ప్రాధాన్యత

రాయలసీమలోని ఈ పీఠభూమిలో సగటు వార్షిక వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. 2022లో పూర్వపు అనంతపురం జిల్లా నుండి శ్రీ సత్యసాయి జిల్లా ఏర్పడింది. ఇక్కడ పెద్ద పంపుహౌసులు, సిమెంటు కర్మాగారాలు, సౌర విద్యుత్కేంద్రాలు ఉన్నాయి.

హంద్రీ-నీవా సుజల స్రవంతి పథకంలో శ్రీశైలం జలాశయపు నీటిని మాల్యాల వద్ద ఎత్తి, వరుస ఎత్తిపోతల ద్వారా జీడిపల్లి జలాశయానికి చేరుస్తారు. 2012లో జీడిపల్లికి నీరు చేరింది. ఇటువంటి వరుసలో మధ్యనున్న ఒక పంపుహౌసు ఆగిపోయినచో, దిగువ పంపులు తోడుతున్న నీరు కాలువలో నిలిచి గట్లు పొంగే ప్రమాదం ఉన్నది. ఎగువ పంపులకు నీరందదు. కాలువ మట్టాలు, పంపుల స్థితి అన్ని కేంద్రాలకూ వెంటనే తెలిసినచో మిగిలిన పంపులను సకాలంలో తగ్గించవచ్చును.

తాడిపత్రి ప్రాంతంలో సున్నపురాయి నిక్షేపాల ఆధారంగా సిమెంటు కర్మాగారాలు వెలిశాయి. సిమెంటు బట్టీలో పదార్థం సుమారు 1450 డిగ్రీల సెల్సియస్ వరకు వేడెక్కుతుంది. బట్టీకి గాలి లాగే ఫ్యాన్ల మోటారు డ్రైవును నెట్‌వర్క్‌కు కలిపినచో వేగం, కరెంటు, ఉష్ణోగ్రత, హెచ్చరికలు అన్నీ ఒకే కేబుల్ ద్వారా అందుతాయి.

నంబులపూలకుంట సౌర పార్కులో ఎన్.టి.పి.సి. 250 మెగావాట్ల కేంద్రం 2016లో ఉత్పత్తి ప్రారంభించింది. ఇటువంటి విశాలమైన కేంద్రాలలో ఒక వరుస ఫలకాలపై దుమ్ము పేరుకున్నదీ లేనిదీ నడిచి చూసి తెలుసుకోవడం కష్టం. వరుసల కరెంటును పక్క వరుసలతో పోల్చి ఉత్పత్తి తగ్గినచోటును గుర్తించవచ్చును. కడగడానికి నీరు కొరతగా ఉన్నచోట అవసరమైన వరుసలనే కడగడం వలన నీరు ఆదా అవుతుంది.

పరిమితులు

అనేక పరికరాలు ఒకే కేబుల్‌పై ఆధారపడుట వలన అది తెగినచో అన్నీ ఒకేసారి దూరమవుతాయి. కావున ముఖ్యమైన చోట్ల రెండు వేర్వేరు మార్గాలలో కేబుళ్ళు వేస్తారు. పిడుగుల వలన కలిగే విద్యుత్ తాకిడి రాగి తీగలను దెబ్బతీస్తుంది. ఆరుబయట దూరాలకు ఆప్టికల్ ఫైబర్ మేలైనది. 2010లో బయటపడిన స్టక్స్‌నెట్ వైరస్ నియంత్రణ వ్యవస్థలపై దాడులు సాధ్యమేనని నిరూపించింది. అందువలన ఈ నెట్‌వర్క్‌ను కార్యాలయ నెట్‌వర్క్ నుండి, ఇంటర్నెట్ నుండి వేరుగా ఉంచుట అవసరం. నెట్‌వర్క్ ఆగిపోయినా పంపును, బట్టీని సురక్షితంగా ఆపగల ఏర్పాటు స్థానికంగా ఉండితీరాలి.