మట్టికుండలో దాచిన పత్రము



బబులోను సైన్యము యెరూషలేమును ముట్టడించుచుండగా, చెరసాల ప్రాకారములోనున్న యిర్మీయా అనాతోతులో ఒక పొలము కొనెను. ఆ క్రయపత్రములు బహుదినములు నిలుచునట్లు మట్టికుండలో ఉంచుమని బారూకుతో చెప్పెను. పొలము పగవారి పాలగుచుండగా పత్రమును దాచుట ఏల? కరవు ఏటనైనను మన అనంతపురపు రైతు విత్తనపు కాయలను తినక దాచును గదా! ఇదియు అట్టిదే.

మన రాయలసీమలోను ఇట్టి పని జరిగినది. 1820లో కడపకు వచ్చిన చార్లెస్ ఫిలిప్ బ్రౌను దొర తెలుగు నేర్చుకొని, శిథిలమగుచున్న వ్రాతప్రతులను సేకరించి, పండితులకు జీతమిచ్చి శుద్ధప్రతులు వ్రాయించెను. 1829లో వేమన పద్యములను అచ్చువేయించెను. ఆయన సేకరించిన గ్రంథములనేకము నేడు చెన్నపట్టణపు ప్రాచ్యలిఖిత గ్రంథాలయములో నున్నవి.

మన సంఘముల సంగతి ఏమి? లండను మిషనువారు 1822లో కడపలో పని ప్రారంభించి, తరువాత గుత్తి, అనంతపురము ప్రాంతములకు వచ్చిరి. మిషనరీలు స్వదేశమునకు వ్రాసిన ఉత్తరములు లండనులో భద్రముగా నున్నవి. మన గ్రామములలోని బాప్తిస్మపు, వివాహపు, సమాధి రిజిష్టర్లు మాత్రము బీరువాలలో చెదలపాలగుచున్నవి. ఒక ఊరిలో నేను పాత రిజిష్టరు తెరువగా పుటలు పొడియై చేతిలో రాలినవి. తన అవ్వ బాప్తిస్మపు తేదీ అడుగవచ్చిన సహోదరికి నేనేమియు చూపలేకపోతిని. దొరల మాటలు నిలిచినవి. కూలి చేసికొనుచు విశ్వసించిన మన అవ్వతాతల పేర్లు పోయినవి.

దీనికి సహాయము మన యిండ్లలోనే కలదు. 2020-21లో మన రాష్ట్రపు డిగ్రీ చదువులో పది మాసముల ఇంటర్న్‌షిప్పును చేర్చిరి. సమాజసేవ అందులో ఒక భాగము. కళాశాల ఒప్పుకొనినయెడల మన విద్యార్థులు ఈ పనినే కోరుకొనవచ్చును. లేనిచో సెలవులలో చేయవచ్చును. నీడపట్టున, పగటి వెలుతురులో, ప్రతి పుటను ఫోనుతో స్పష్టముగా ఫోటో తీయవలెను. ప్రతి ఫోటోకు ఊరు, సంవత్సరము, పుటసంఖ్య పేరుగా పెట్టవలెను. మూడు ప్రతులు చేసి, ఒకటి వేరే ఊరిలో ఉంచవలెను. ఏటేట తెరచి చూడవలెను. ఏలయనగా యంత్రమునకును చెద వంటి కీడు కలదు. అసలు పుస్తకమును పారవేయకూడదు. జీవించియున్నవారి వివరములను లోకమునకు చాటకూడదు.

పరలోకమందలి జీవగ్రంథమునకు చెద పట్టదు. భూమిమీది సాక్ష్యమైతే మన చేతికి అప్పగింపబడినది. ప్రతి సంఘములోను ఒక బారూకు ఉండవచ్చును; పెద్దలు పిలువవలెను. ఈ కోతపండుగకు ముందే మీ బీరువా తెరచి చూడుడి.