రేడియో వ్యవధి – ఒగ్గుకథ రాత్రి: కొడకండ్ల ప్రాంత పరిశీలన

తెలంగాణ మౌఖిక కళలకు, రేడియోకు గల సంబంధాన్ని పరిశీలించేటప్పుడు ప్రసార భాష, ప్రసార కేంద్రం అనే రెండు అంశాలు ప్రధానంగా చర్చకు వస్తాయి. ప్రసార వ్యవధి కూడా అంతే కీలకమైనది. జనగామ జిల్లా కొడకండ్ల పరిసరాలు ఈ మూడింటినీ కలిపి చూడటానికి అనువైన క్షేత్రం.

కొడకండ్లకు పొరుగున ఉన్న పాలకుర్తి, పాల్కురికి సోమనాథుని పేరుతో ముడిపడిన ఊరు. ఆయన పండితారాధ్య చరిత్రలో తుమ్మెద పదాలు, వెన్నెల పదాలు, గొబ్బి పదాలు మొదలైన పాటల రకాలను పేర్కొన్నాడు. ఈ జిల్లాలోని మాణిక్యాపురానికి చెందిన చుక్క సత్తయ్య (1935–2017) ఒగ్గుకథకు దేశస్థాయి గుర్తింపు తెచ్చి, సంగీత నాటక అకాడమీ పురస్కారం పొందాడు. అంటే పాటను గుర్తించి నమోదు చేసే సంప్రదాయం ఇక్కడ రేడియోకు ఎన్నో శతాబ్దాల ముందునుంచే ఉంది.

హైదరాబాదులో మహబూబ్ అలీ వ్యక్తిగతంగా ప్రారంభించిన రేడియో కేంద్రం 1935 ఫిబ్రవరి 3 నుంచి నిజాం ప్రభుత్వ ఆధీనంలో నడిచింది. రాజ్య జనాభాలో దాదాపు సగం తెలుగువారైనా దక్కన్ రేడియోలో ఉర్దూకే ప్రాధాన్యం దక్కింది. 1948 సెప్టెంబర్ 17న నిజాం తన లొంగుబాటును ప్రకటించింది ఈ కేంద్రం నుంచే. 1950 ఏప్రిల్ 1న అది ఆలిండియా రేడియోలో విలీనమైంది. భాష సమస్యకు అలా పరిష్కారం మొదలైంది. వరంగల్ ఆకాశవాణి కేంద్రం మాత్రం 1990లో గాని ఏర్పడలేదు. కొడకండ్ల అప్పుడు వరంగల్ జిల్లాలోనే ఉంది. 2016లో జనగామ జిల్లాలో చేరింది.

భాష, స్థానం సమకూడినా వ్యవధి సమస్య మిగిలింది. 1952–62 మధ్య కేంద్ర సమాచార ప్రసారశాఖ మంత్రి బి.వి. కేస్కర్ కాలంలో శాస్త్రీయ సంగీతానికి పెద్దపీట వేశారు. కళాకారుల ఎంపికకు స్వరపరీక్షా విధానం స్థిరపడింది. ఒగ్గుకథ ఈ చట్రంలో సులభంగా ఇమిడేది కాదు. మల్లన్న, బీరప్ప, ఎల్లమ్మ కథలు రాత్రంతా సాగుతాయి. పట్నం వేయడం కొలుపులో భాగం. అది కంటికి కనిపించేదే తప్ప చెవికి వినిపించేది కాదు. ప్రధాన కథకునికి, వంతపాటవారికి మధ్య సాగే హాస్య సంభాషణ ఎదుట కూర్చున్న శ్రోతలను బట్టి పెరుగుతుంది, తరుగుతుంది. అరగంట ప్రసారంలో కథాసారం, డోలు, తాళం నిలుస్తాయి. కొలుపు సందర్భం, శ్రోతల ప్రతిస్పందన జారిపోతాయి.

దీన్ని కేవలం నష్టంగా లెక్కించడం సమంజసం కాదు. కులదైవారాధనకు పరిమితమైన కథను ఆ కులానికి వెలుపలివారికి వినిపించగల శక్తి రేడియోకు ఉంది. అయితే పెద్దతరం కథకులు కనుమరుగయ్యే కొద్దీ, మిగిలిన చిన్న ధ్వనిముద్రణే అసలు కథగా చెలామణి అయ్యే ప్రమాదం ఉంది. కాబట్టి రేడియో ధ్వనిముద్రణను పరిశోధకులు సంక్షిప్త పాఠంగా గుర్తించాలి. దాని వ్యవధిని, సందర్భాన్ని నమోదు చేసి, గ్రామ ప్రదర్శనతో సరిపోల్చిన తరువాతే పాఠనిర్ణయానికి పూనుకోవాలి.