ఇంటి కంప్యూటరున తెలుగు జాబు

1990వ దశకమున ఇంటి కంప్యూటరుపై తెలుగున జాబు వ్రాయుట సాహసమే. ఫాంటులు చేయు ఒక్కొక్క సంస్థ ఇంగ్లీషు అక్షరముల స్థానములలో తెలుగు రూపములను తనకు తోచినట్లు అమర్చుకొనెడిది. మా తండ్రిగారు అమెరికాలోని మా అన్నగారికి పంపిన క్షేమసమాచారము, అచ్చట ఆ ఫాంటు లేమిచే, పిచ్చి గుర్తుల వరుసగా కనబడెను. అన్నగారు కంగారుపడి టెలిఫోను చేసిరి!

ఇందుకు మందు 1991లోనే సిద్ధమైనది. ఆ యేట వెలువడిన యూనికోడ్ తొలి ప్రమాణమున తెలుగునకు 128 గడులు కేటాయించిరి. ఒక్కొక్క అక్షరమునకు లోకమంతట ఒకే సంఖ్య. ఆ మందు మావంటి యిండ్లకు చేరుటకు మాత్రము పదేండ్లు పట్టెను. 2001 నాటి విండోస్ ఎక్స్‌పీతో గౌతమి ఫాంటు వచ్చినది.

అయినను తెలుగునకు సంఖ్యలు వరుసగా పేర్చిన చాలదు. జ, పొల్లు, ఞ, దీర్ఘము కలిసి ఒక్క రూపము కావలెను. 2018 ఫిబ్రవరిలో ఈ 'జ్ఞా' కంటికి కనబడని యొక సంకేతముతో కూడి చేరగా, ఐఫోనులలో సందేశముల ప్రోగ్రాములు కుప్పకూలెను. పత్రికల శీర్షికలలో తెలుగక్షరమే దోషిగా నిలిచెను. పాపము, అక్షరమేమి చేయును? లోపము దానిని కూర్చు ప్రోగ్రాములోనిది. ఆపిల్ సంస్థ 19వ తేదీన సవరణ విడుదల చేసినది.

మా తండ్రిగారి జాబులకు అట్టి సవరణ రాలేదు. ఆనాటి ఫాంటు పేరైనను మాకు దొరకలేదు. జాబులు మాత్రము భద్రముగా నున్నవి.