పోరాటం ముగిశాక పల్లె: దాశరథి రంగాచార్య నవలలు

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతాల విద్యార్థులు తెలంగాణ సాయుధ పోరాటం (1946-51) గురించి ఇంట్లోనే విని ఉంటారు. పాఠ్యపుస్తకాలు సాధారణంగా 1951 విరమణతో ఆగిపోతాయి. దాశరథి రంగాచార్య ఇంకా ముందుకు వెళ్ళారు. ‘చిల్లర దేవుళ్లు’ (1969)లో గడీ కింది వెట్టిని, ‘మోదుగుపూలు’లో తిరుగుబాటును చిత్రించి, ‘జనపదం’లో పోలీసు చర్య తరువాతి కాలాన్ని తీసుకున్నారు. చరిత్ర విద్యార్థికి మూడింటిలో ఎక్కువ పనికొచ్చేది ఇదేనని నా అభిప్రాయం. 1948 సెప్టెంబరులో విజయవాడ నుంచి కోదాడ, సూర్యాపేట మీదుగా సైన్యం వచ్చింది. ఆ వెనుకే దొరలు తిరిగివచ్చారు. పంచుకున్న భూములు చాలాచోట్ల చేజారాయి. 1950 కౌలుదారీ చట్టం కొందరికే అక్కరకొచ్చింది. గెలిచామో ఓడామో తేల్చుకోలేని ఆ తరం మనఃస్థితి రెవెన్యూ రికార్డుల్లో దొరకదు, నవలలో దొరుకుతుంది. అయితే రచయిత స్వయంగా నిజాం వ్యతిరేక పోరాటంలో పాల్గొన్నవారు; రాసింది రెండు దశాబ్దాల తరువాత. పాత్రల మాటల్లో నాటి అనుభవమెంతో, రాసేనాటి నిరాశ ఎంతో వేరుచేసి చదవండి.